3.60కి ‘ఏ’, 3.52కి ‘ఏ+’: ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర, న్యాక్ గ్రేడుల లెక్క

క్లుప్తంగా: ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో పుట్టింది. డిగ్రీ ఇచ్చే హక్కు దానికి ఆ చట్టం నుంచే వచ్చింది, విద్యాసంస్థల నాణ్యతను కొలిచి గ్రేడు ఇచ్చే న్యాక్ నుంచి కాదు. 2023లో వచ్చిన 3.74 స్కోరు, ‘ఏ++’ గ్రేడు విశ్వవిద్యాలయ క్యాంపస్‌కు చెందినవి, అనుబంధ కళాశాలలకు కాదు. గ్రేడు అక్షరాలకు న్యాక్ రెండేళ్లలో రెండుసార్లు కొత్త హద్దులు పెట్టింది కాబట్టి వేర్వేరు సంవత్సరాల అక్షరాలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2016లో న్యాక్ 4కి 3.60 స్కోరు ఇచ్చింది. గ్రేడు ‘ఏ’. మరుసటి ఏడాది ఉస్మానియాకు 3.52 వచ్చింది. గ్రేడు మాత్రం ‘ఏ+’. ఆ తర్వాత 2023లో ఆంధ్రకు 3.74తో ‘ఏ++’ వచ్చింది. ఈ మూడింటినీ ఒకచోట చూసిన విద్యార్థికి గానీ, తల్లిదండ్రులకు గానీ వచ్చే మొదటి అనుమానం ఒకటే: తక్కువ మార్కు వచ్చిన చోట పెద్ద గ్రేడు ఎలా ఇచ్చారు?

అడ్మిషన్ల సీజన్‌లో ఇలాంటి అనుమానాలు ఇంకా చాలా వస్తాయి. న్యాక్ గడువు ముగిస్తే డిగ్రీ చెల్లదా? ‘ఏ++ యూనివర్సిటీకి అనుబంధం’ అని బోర్డు పెట్టిన కాలేజీకి కూడా ఏ++ ఉన్నట్టేనా? న్యాక్ గ్రేడు, కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు రెండూ ఒకటేనా? వీటికి జవాబు కావాలంటే రెండు విషయాలు విడివిడిగా చూడాలి. విశ్వవిద్యాలయం ఎలా పుట్టి, ఎలా పెరిగింది అనేది ఒకటి. దాన్ని కొలిచే పద్ధతి ఎలా మారుతూ వచ్చింది అనేది రెండోది.

## బెజవాడలో మొదలు, వాల్తేరులో స్థిరం

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కోస్తా, రాయలసీమ జిల్లాల కాలేజీలన్నీ 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేవి. మచిలీపట్నం నోబుల్ కాలేజీ, విజయనగరం మహారాజా కాలేజీ, కాకినాడ పిఠాపురం రాజా కాలేజీ అన్నీ ఆంధ్ర విశ్వవిద్యాలయం కంటే వయసులో పెద్దవే. పాఠాలు ఇక్కడ, పరీక్షలు, పట్టాలు, సిలబస్ నిర్ణయాలు మద్రాసులో. 1913 నుంచి సాగిన ఆంధ్రోద్యమంలో ప్రత్యేక రాష్ట్రం కోరికతో పాటే ప్రత్యేక విశ్వవిద్యాలయం కోరిక కూడా నడిచింది. రెండోది ముందు నెరవేరింది. మద్రాసు ప్రభుత్వంలో విద్యాశాఖ మంత్రిగా ఉన్న అన్నెపు పరశురామదాసు పాత్రో బిల్లు తెచ్చారు. 1926 ఏప్రిల్ 26న బెజవాడ కేంద్రంగా విశ్వవిద్యాలయం ఏర్పడింది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షులు. ఇప్పుడు వైస్ ఛాన్సలర్ లేదా వీసీ అంటున్న పదవి అదే.

కేంద్రం ఎక్కడ ఉండాలన్న తగువు చట్టం వచ్చాక కూడా నడిచింది. బెజవాడ, రాజమండ్రి, విశాఖ, అనంతపురం ఎవరి వాదన వాళ్లు వినిపించారు. చివరికి 1930లో విశాఖలోని వాల్తేరుకు మారింది. రాయలసీమలో అసంతృప్తి మిగిలిపోయింది. కోస్తాకు, సీమకు మధ్య 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో విశ్వవిద్యాలయ కేంద్రం అంశం చేరడానికి మూలం ఇదే. అనంతపురంలోనూ ఒక కేంద్రం పెట్టాలన్నది అందులోని మాట. సీమకు సొంత విశ్వవిద్యాలయం రావడానికి 1954 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రూపంలో.

వాల్తేరుకు మారిన ఏడాదే రామలింగారెడ్డి పదవి వదులుకున్నారు. శాసనోల్లంఘన ఉద్యమాన్ని బ్రిటిష్ ప్రభుత్వం అణచివేస్తున్న తీరుకు అది నిరసన. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. ఆయన ఉన్న ఐదేళ్లే ఈ విశ్వవిద్యాలయం నేటి రూపానికి పునాది అనవచ్చు. అప్పటిదాకా ప్రధానంగా పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థగా ఉన్నది, సొంత ఆవరణలో పీజీ బోధన, పరిశోధన నడిపే సంస్థగా మారింది. భౌతికశాస్త్రంలో సూరి భగవంతం, రసాయనశాస్త్రంలో టి.ఆర్.శేషాద్రి, ఆర్థికశాస్త్రంలో వి.కె.ఆర్.వి.రావు, మానవీయ శాస్త్రాల్లో హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటివారు ఆ రోజుల్లో ఇక్కడ పాఠాలు చెప్పినవారే. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల విరాళంతో సైన్స్, టెక్నాలజీ కళాశాల నిలబడింది. దానికి ఆయన పేరే పెట్టారు. దేశంలోని చాలా విశ్వవిద్యాలయాలు ఇంకా పరీక్షల యంత్రాంగాలుగానే ఉన్న కాలంలో ఒక కొత్త సంస్థ పరిశోధన శాలలతో మొదలుపెట్టడం చిన్న సంగతి కాదు. దాని ఫలితం తొంభై ఏళ్ల తర్వాత న్యాక్ స్కోరులో కూడా కనిపిస్తుంది.

1936లో రామలింగారెడ్డి తిరిగి వచ్చి 1949 దాకా ఉన్నారు. మధ్యలో యుద్ధం వచ్చిపడింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. ఆవరణను సైన్యం తీసుకుంది. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి, యుద్ధం ముగిశాక వాల్తేరు చేరింది. తర్వాత వి.ఎస్.కృష్ణ 1961 దాకా వీసీగా పనిచేశారు. ఇంజినీరింగ్ కళాశాల రూపు కట్టింది ఆయన కాలంలోనే.

## తగ్గుతూ వచ్చిన పరిధి

విశ్వవిద్యాలయం పెరిగిన కథ ఎంత ఉందో, దాని అధికార పరిధి చీలిన కథ కూడా అంతే ఉంది. 1954లో తిరుపతి వేరుపడింది. 1967లో గుంటూరులో పెట్టిన పీజీ కేంద్రం 1976లో నాగార్జున విశ్వవిద్యాలయంగా మారింది. 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక వైద్య కళాశాలలు అటు వెళ్లాయి. 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చి గోదావరి జిల్లాల కాలేజీలను తీసుకుంది. 2008లో శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చింది. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల అనుబంధం జేఎన్‌టీయూల చేతికి పోయింది.

ఉస్మానియాలోనూ ఇదే జరిగింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడి, 1948 తర్వాత ఇంగ్లిష్‌కు మారిన ఆ విశ్వవిద్యాలయం నుంచి 1976లో వరంగల్లు పీజీ కేంద్రం కాకతీయ విశ్వవిద్యాలయమైంది. తర్వాత నిజామాబాద్, నల్గొండ, మహబూబ్‌నగర్, కరీంనగర్ ప్రాంతాలకు కొత్తవి వచ్చాయి.

పరిధి తగ్గడం నష్టమా, లాభమా? అనుబంధ కాలేజీల నుంచి వచ్చే ఫీజులు, పరీక్షల ఆదాయం తగ్గుతాయి. అది నష్టం. కానీ పరీక్షల నిర్వహణ భారం కూడా తగ్గి, దృష్టి క్యాంపస్ మీదకు మళ్లుతుంది. న్యాక్ దృష్టిలో ఈ రెండోది లాభమే. కొత్తగా పుట్టిన విశ్వవిద్యాలయాల పరిస్థితి దీనికి తలకిందులు. వాటికి వందల కాలేజీలు వారసత్వంగా వచ్చాయి, ల్యాబులూ అధ్యాపకులూ రాలేదు. అందరికీ ఒకే కొలబద్ద పెట్టినప్పుడు ఈ తేడా స్కోరులో పడుతుంది. చిన్న విశ్వవిద్యాలయం ‘బి’ దగ్గర ఆగిపోతే దానికి కారణం పనితీరు ఒక్కటే అనుకోవడం తొందరపాటు.

## డిగ్రీ చెల్లుబాటుకు మూలం చట్టం

1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీలు ఇచ్చే హక్కు కేంద్ర లేదా రాష్ట్ర చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ హోదా పొందిన సంస్థలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థలకు మాత్రమే ఉంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి కోవలోది. 1926 చట్టం స్థానంలో ఇప్పుడు 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం అమల్లో ఉంది. పాత సెనేట్, సిండికేట్ల చోట పాలక మండలి నడిపేదీ దీని కిందే. యూజీసీ చట్టంలోని 2(ఎఫ్) సెక్షన్ యూజీసీ గుర్తింపు అయితే, 12(బి) కేంద్ర నిధులకు అర్హత. మామూలుగా ‘యూజీసీ రికగ్నైజ్డ్’ అంటే వీటిలో మొదటిది.

న్యాక్ ఇందులో ఎక్కడా రాదు. 1986 జాతీయ విద్యా విధానం చేసిన సూచనతో యూజీసీ 1994లో బెంగళూరు కేంద్రంగా దాన్ని ఏర్పాటు చేసింది. దాని పని నాణ్యతను కొలవడం. గ్రేడు గడువు తీరిపోయినంత మాత్రాన ఆ ఏడాది ఇచ్చిన పట్టా చెల్లకుండా పోదు. గ్రేడు ఎంత గొప్పగా ఉన్నా, చట్టం ఇవ్వని డిగ్రీ హక్కును అది తెచ్చిపెట్టలేదు. ఫార్మసీ, న్యాయశాస్త్రం, బీఈడీ వంటి కోర్సులకు ఆయా మండళ్ల అనుమతి వేరుగా ఉండాలి. ఇంజినీరింగ్ బ్రాంచీలకు ఎన్‌బీఏ అనే మరో సంస్థ ఇచ్చే గుర్తింపు బ్రాంచీ వారీగా ఉంటుంది, న్యాక్‌ది మొత్తం సంస్థకు.

## 3.74 ఎలా వస్తుంది

న్యాక్ 2017లో తెచ్చిన సవరించిన విధానంలో ఏడు క్రైటీరియాలు, అంటే ప్రమాణాలు, ఉన్నాయి. విశ్వవిద్యాలయాలకు మొత్తం 1,000 వెయిటేజీ ఇలా పంచారు: పాఠ్యప్రణాళికకు 150, బోధన, మూల్యాంకనానికి 200, పరిశోధనకు 250, వసతులకు 100, విద్యార్థి సహాయం, పురోగతికి 100, పాలనకు 100, విలువలు, మంచి పద్ధతులకు 100. ఒక్కో అంశానికి 0 నుంచి 4 దాకా పాయింటు వేసి, వెయిటేజీతో గుణించి సగటు తీస్తారు. పరిశోధనలో ఒక్క పాయింటు తగ్గితే తుది స్కోరులో 0.25 పోతుంది. వసతుల్లో ఒక్క పాయింటు తగ్గితే పోయేది 0.10 మాత్రమే. 2023లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నాలుగుకు తగ్గింది మొత్తం 0.26.

1930ల్లో క్యాంపస్‌లో పరిశోధన మొదలవడం ఎందుకు పనికొచ్చిందో ఈ అంకెలే చెబుతాయి. అన్నిటికంటే పెద్ద వాటా దానిదే. అనుబంధ కళాశాలలకు ఇదే పట్టిక వేరుగా ఉంటుంది. వాటికి బోధన వాటా 350, పరిశోధన వాటా అందులో దాదాపు మూడో వంతు మాత్రమే. అందుకే ఒక డిగ్రీ కాలేజీకి వచ్చిన 3.40ని, ఒక విశ్వవిద్యాలయానికి వచ్చిన 3.40ని ఒకే గాటన కట్టలేం. రాసిన పరీక్ష వేరు.

ఈ విధానంలో దాదాపు 70 శాతం మార్కులు సంఖ్యల మీద వస్తాయి. మిగతాది న్యాక్ పంపే తనిఖీ బృందం, అంటే పీర్ టీమ్, చేతిలో ఉంటుంది. సంఖ్యలంటే ఐదేళ్ల డేటా: మంజూరైన పోస్టుల్లో ఎంతమంది అధ్యాపకులు ఉన్నారు, వారిలో పీహెచ్‌డీ ఉన్నవారెందరు, అధ్యాపకుడికి సగటున ఎన్ని పరిశోధన పత్రాలు, ఎంత ప్రాజెక్టు సొమ్ము వచ్చింది, ఎంతమందికి ప్లేస్‌మెంట్ దొరికింది. చివరి పరీక్ష రాసిన రోజు నుంచి రిజల్ట్స్ ఇచ్చే రోజు దాకా సగటున ఎన్ని రోజులు పట్టిందో కూడా లెక్కలోకి వస్తుంది. రిజల్ట్స్ లేటవడం మన దగ్గర విద్యార్థులకు పాత బాధే. దానికీ మార్కులు ఉన్నాయన్న సంగతి చాలామందికి తెలియదు.

విశ్వవిద్యాలయంలో ఐక్యూఏసీ అనే నాణ్యతా విభాగం ఈ డేటాను పోగుచేసి స్వీయ అధ్యయన నివేదికగా పంపుతుంది. క్యాంపస్‌లో అందరూ దాన్ని ఎస్‌ఎస్‌ఆర్ అంటారు. తర్వాత డీవీవీ పేరుతో బయటివాళ్ల పరిశీలన ఉంటుంది. ‘ఫలానా సెమినార్‌కు హాజరు పట్టిక ఏది, జియోట్యాగ్ ఉన్న ఫొటో ఏది, రిజిస్ట్రార్ సంతకం ఉన్న కాపీ ఏది’ అంటూ క్వెరీలు వస్తాయి. జవాబు గడువులోపు ఇవ్వలేకపోతే ఆ అంశానికి పాయింట్లు తగ్గుతాయి. విద్యార్థులకు ఈమెయిల్‌లో సంతృప్తి సర్వే వెళ్తుంది. చివర్లో పీర్ టీమ్ వచ్చి విభాగాలు తిరుగుతుంది, పూర్వ విద్యార్థులతో, తల్లిదండ్రులతో మాట్లాడుతుంది. ఆ రెండు మూడు రోజుల కోసం గోడలకు రంగులు, మొక్కలకు కుండీలు, బీరువాల్లో క్రైటీరియన్ వారీ ఫైళ్లు సిద్ధం కావడం ఏ కాలేజీలో చదివినవారికైనా తెలిసిన దృశ్యమే. నిజానికి అప్పటికే ఎక్కువ మార్కులు కాగితాల మీద తేలిపోయి ఉంటాయి. రంగులకు పడేవి తక్కువే.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఈ పద్ధతి పనిని కాదు, నమోదైన పనిని కొలుస్తుంది. ఒక విభాగం మంచి పరిశోధన చేసి కాగితాలు భద్రపరచకపోతే మార్కు పోతుంది. మరో విభాగం మామూలు సమావేశాన్ని కూడా ఫొటోలు, బ్రోచర్, నివేదికతో పక్కాగా పెడితే మార్కు వస్తుంది. అధ్యాపకుల లెక్క కూడా ఇలాంటిదే. విద్యా సంవత్సరం పొడవునా నిర్ణీత గంటల్లో కనీసం 90 శాతం పనిచేసేవారిని పూర్తికాలపు అధ్యాపకులుగా న్యాక్ నిర్వచించింది. పూర్తికాలం అంటే పర్మినెంట్ అని కాదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి నియామకాలు ఆగి, కాంట్రాక్టు అధ్యాపకులే క్లాసులు నడుపుతున్న స్థితి ఈ నిర్వచనం వెనక కొంత మరుగున పడుతుంది.

## అక్షరాల హద్దులు మారిన తీరు

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. న్యాక్ మొదట్లో నక్షత్రాల పద్ధతిలో గ్రేడులిచ్చేది. ఉస్మానియాకు 2001లో వచ్చిన ‘ఫైవ్ స్టార్’ అప్పటిదే. తర్వాత 2007 నుంచి 4 పాయింట్ల సగటు, దానికి ఏ, బి, సి, డి అక్షరాలు వచ్చాయి. ఆ పద్ధతిలో 3.01 నుంచి 4.00 దాకా అంతా ‘ఏ’. 3.05 వచ్చినా, 3.95 వచ్చినా అక్షరం ఒకటే. 2016లో ఆంధ్రకు 3.60తో వచ్చిన ‘ఏ’ ఈ పట్టికలోని అత్యున్నత గ్రేడు.

2016 జూలైలో ‘ఏ’ని మూడు ముక్కలు చేశారు. 3.76 పైన ‘ఏ++’, 3.51 నుంచి 3.75 దాకా ‘ఏ+’, 3.01 నుంచి 3.50 దాకా ‘ఏ’. శతాబ్ది ఏడాదిలో ఉస్మానియాకు వచ్చిన 3.52 ఈ పట్టికలో ‘ఏ+’ కిందకు వచ్చింది. 2018లో హద్దులు మళ్లీ జరిగాయి. 3.51 నుంచి 4.00 దాకా ‘ఏ++’, 3.26 నుంచి 3.50 దాకా ‘ఏ+’, 3.01 నుంచి 3.25 దాకా ‘ఏ’ అయ్యాయి. 2023లో ఆంధ్రకు ‘ఏ++’ తెచ్చింది ఈ మూడో పట్టిక.

అన్నిటినీ ఒకే పట్టికలో పెడితే బొమ్మ మారిపోతుంది. ఇప్పటి హద్దులతో చూస్తే ఆంధ్ర 2016 స్కోరు, ఉస్మానియా 2017 స్కోరు రెండూ ‘ఏ++’ పరిధిలోకే వస్తాయి. 2016 జూలై పట్టికతో చూస్తే ఆంధ్రకు 2023లో వచ్చిన 3.74 ‘ఏ+’ దగ్గరే ఆగేది. ఆంధ్ర ‘ఏ’ నుంచి ‘ఏ++’కు రెండు మెట్లు ఎగబాకిందని వచ్చిన వార్తల్లో స్కోరు పెరుగుదల నిజమే, అది 0.14. మెట్లు మాత్రం పట్టిక మార్పు వల్ల వచ్చినవి. పైగా 2016 నాటి కొలత పాత పద్ధతిలోది, 2023ది సంఖ్యలకే ఎక్కువ వాటా ఉన్న కొత్త పద్ధతిలోది. కాబట్టి ఆ 0.14ను కూడా కాస్త జాగ్రత్తగానే చదవాలి.

యూజీసీకి ఈ సంగతి తెలుసు. 2018లో విశ్వవిద్యాలయాలకు అంచెలవారీ స్వయంప్రతిపత్తి ఇచ్చినప్పుడు అక్షరాన్ని పక్కనపెట్టి అంకెను తీసుకుంది. 3.51 పైన ఉంటే మొదటి కేటగిరీ. ఆంధ్ర ‘ఏ’తోనూ, ఉస్మానియా ‘ఏ+’తోనూ ఒకే కేటగిరీలో చేరాయి.

## గ్రేడుతో ఒనగూరేది

మొదటి కేటగిరీ విశ్వవిద్యాలయం సొంత నిధులతో కొత్త కోర్సు గానీ విభాగం గానీ పెట్టాలంటే ప్రతిసారీ యూజీసీ అనుమతి కోసం ఆగక్కర్లేదు. క్యాంపస్ బయట కేంద్రాలు, విదేశీ అధ్యాపకుల నియామకం వంటి వాటిలోనూ వెసులుబాటు ఉంటుంది. ఉన్నత విద్యకు కేంద్రం నిధులిచ్చే రూసా పథకం రెండో దశలో ఎంపిక చేసిన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఇచ్చిన పెద్ద గ్రాంటుకు కూడా న్యాక్ స్కోరే కొలమానం.

దూరవిద్య సంగతి మరీ ముఖ్యం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే కరెస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. ఉద్యోగం చేసుకుంటూ చదివినవారు, మధ్యలో చదువు ఆపి మళ్లీ అందుకున్నవారు లక్షల్లో ఈ దారిలో డిగ్రీ తీసుకున్నారు. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం దూరవిద్య కోర్సులకు 3.01 స్కోరు గానీ, ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో మొదటి వంద ర్యాంకుల్లో చోటు గానీ కావాలి. యూజీసీ ముందస్తు అనుమతి లేకుండా ఆన్‌లైన్ డిగ్రీలు పెట్టాలంటే గీత ఇంకా పైన, 3.26 దగ్గర ఉంది. స్కోరు పడిపోతే ముందు దెబ్బ తగిలేది ఈ విభాగానికే.

విదేశాలకు వెళ్లే తెలుగు విద్యార్థులకూ కొంత సంబంధం ఉంది. అమెరికా, కెనడా దరఖాస్తులకు డిగ్రీలను మదింపు చేసే వెస్ వంటి సంస్థలు మూడేళ్ల బీఏ, బీఎస్సీ, బీకాం పట్టాను నాలుగేళ్ల డిగ్రీకి సమానంగా చూడాలా వద్దా అన్నప్పుడు న్యాక్ గ్రేడును పరిగణనలోకి తీసుకుంటూ వచ్చాయి. నాలుగేళ్ల బీటెక్ వాళ్లకు ఈ టెన్షన్ అంతగా ఉండదు.

గ్రేడు మామూలుగా ఐదేళ్లు చెల్లుతుంది. వరుసగా పై గ్రేడులు నిలబెట్టుకున్న సంస్థలకు ఏడేళ్లు ఇస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2023లో ఆ ఏడేళ్ల గడువే దక్కింది.

## బోర్డు మీద ఏ++, పట్టా మీద ఎవరి పేరు?

అనుబంధ కళాశాలలో చదివినవారి పట్టా మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం పేరే ఉంటుంది. సిలబస్, ప్రశ్నపత్రం విశ్వవిద్యాలయానివే. కానీ న్యాక్ టీమ్ 2023లో చూసింది క్యాంపస్ విభాగాలను. కాలేజీలోని ల్యాబు, లైబ్రరీ, అధ్యాపకుల సంఖ్య ఆ లెక్కలో లేవు. కాలేజీ తనంతట తాను దరఖాస్తు చేసి, తన గ్రేడు తాను తెచ్చుకోవాలి. చాలా ప్రైవేటు డిగ్రీ కాలేజీలకు అసలు న్యాక్ గ్రేడే ఉండదు. ‘ఏ++ యూనివర్సిటీకి అనుబంధం’ అన్న బోర్డు అబద్ధం కాదు. అందులో కాలేజీ గురించి చెప్పింది మాత్రం ఏమీ లేదు.

చేరే ముందు అడగాల్సిన ప్రశ్నలు నాలుగే: కాలేజీకి సొంత గ్రేడు ఉందా, స్కోరు ఎంత, ఏ సంవత్సరానిది, ఎప్పటి దాకా చెల్లుతుంది? న్యాక్ వెబ్‌సైట్‌లో సంస్థ పేరుతో వెతికితే ఈ వివరాలు, పీర్ టీమ్ నివేదిక కూడా దొరుకుతాయి. నివేదిక చివర బలాలతో పాటు బలహీనతలు కూడా రాస్తారు. హోర్డింగులో కనిపించని సమాచారం అక్కడే ఎక్కువ.

ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు వీటన్నిటికీ వేరు. 2016 నుంచి కేంద్ర విద్యాశాఖ ఏటా ఇస్తున్న ఈ ర్యాంకులో ఒక సంస్థ స్థానం మిగతా సంస్థల మీద ఆధారపడుతుంది. తాను ఉన్నచోటే ఉన్నా పక్కవాళ్లు పుంజుకుంటే ర్యాంకు పడిపోతుంది. విశ్వవిద్యాలయాల విభాగంలో ఆంధ్ర 2023లో 43వ స్థానంలో, 2024లో 25వ స్థానంలో ఉంది. ఒక్క ఏడాదిలో పద్దెనిమిది స్థానాల చదువు మెరుగుపడిందని ఎవరూ అనరు. న్యాక్ అలా ఏటా మారదు, ఒకరితో పోల్చదు. నిర్ణీత కొలతకు ఎంత దగ్గరగా ఉన్నారో మాత్రం చెబుతుంది.

## నమ్మకం మీద పడిన మచ్చ, రాబోయే మార్పు

పై గ్రేడులు తెచ్చుకున్న సంస్థల సంఖ్య పెరిగేకొద్దీ గ్రేడుల మీద అనుమానాలూ పెరిగాయి. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు విద్యాసంస్థకు అనుకూల రేటింగ్ కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణపై సీబీఐ కేసు పెట్టి, న్యాక్ తనిఖీ బృందం సభ్యులను కూడా అరెస్టు చేసింది. ఆ కేసు ఆ ఒక్క సంస్థ రేటింగ్‌కు సంబంధించినది. అయినా అదే పద్ధతిలో వచ్చిన అన్ని గ్రేడులనూ జనం ఆ కళ్లతోనే చూడటం మొదలైంది.

మార్పు ఆలోచన అంతకు ముందే ఉంది. ఇస్రో మాజీ ఛైర్మన్ కె.రాధాకృష్ణన్ కమిటీ సూచనల మేరకు ఏ, బి అక్షరాలు తీసేసి ‘గుర్తింపు ఉంది, లేదు’ అనే రెండే ఫలితాలు ఇస్తామని 2024 జనవరిలో ప్రకటించారు. గుర్తింపు వచ్చినవాళ్లు కావాలనుకుంటే ఒకటి నుంచి ఐదు దాకా లెవెల్స్‌కు వెళ్లవచ్చు. అమలు మాత్రం చెప్పిన గడువులు దాటుతూ వచ్చింది.

ఈ పద్ధతి వస్తే తెలుగు రాష్ట్రాల్లో ముందుగా కదిలేది అక్షరాల పైమెట్టున ఉన్న పాత విశ్వవిద్యాలయాలు కాదు, ఇప్పటిదాకా న్యాక్ వైపే చూడని డిగ్రీ కాలేజీలు. వాటికి ‘సి’ వస్తుందేమో అన్న భయం పోతుంది. కానీ ‘లేదు’ అని రాసి ఉండటం ‘సి’ కంటే కష్టం. ఆంధ్ర, ఉస్మానియా లాంటివి తమ పాత స్కోరు గడువు తీరేదాకా అక్షరాలతోనే ఉండి, తర్వాత పై లెవెల్స్ కోసం పోటీ పడాల్సి వస్తుంది. అక్కడ పరిశోధన వాటా ఇంకా పెరిగితే, ఖాళీగా ఉన్న రెగ్యులర్ అధ్యాపక పోస్టులు ఎప్పుడు భర్తీ చేస్తారన్న ప్రశ్న రాష్ట్ర ప్రభుత్వాల దగ్గరికే వెళ్తుంది. ఆ పోస్టులు మంజూరు చేసేది, జీతాలకు బ్లాక్ గ్రాంట్ ఇచ్చేది వాళ్లే.